మెడ జోలికి పోని డాక్టరు

ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ శివారు పాయింట్ కుక్‌లో శనివారం పొద్దున. వెన్నుపూసలు సరిచేసే భానుప్రసాద్ తొమ్మిదేళ్ళుగా ఎవరి మెడా ముట్టుకోలేదు. ఎందుకని అడిగితే యోగం గురించి చెబుతాడు. బల్ల మీద బోర్లా పడుకున్నది సింధుజ, కొత్త పేషెంటు.

“ఊపిరి వదలండి. నెమ్మదిగా... ఆఁ. నడుము బాగా బిగుసుకుపోయిందమ్మా. రోజూ సిటీకి కారులోనేనా?”

“పోను గంటన్నర. నడుం సంగతి సరే డాక్టర్ గారూ, నాకు నొప్పి మెడలో.”

“మెడకి ఆసనాలు చెప్తాను. పొద్దున్నే వేడినీళ్ళ కాపడం పెట్టుకోండి...”

“ఇదివరకు మెడ తిప్పి టక్కుమనిపించేవారటగా?”

“మానేశాను.”

“ఎందుకని?”

“మా వీడియో చూళ్ళేదా? రిషికేశ్ వెళ్ళాను, యోగం నేర్చుకున్నాను, పదిరోజులు మౌనంగా కూర్చున్నాను. ఒంటిని బలవంతం చెయ్యకూడదని తెలిసొచ్చింది.”

“చూశాను. నాలుగుసార్లు. అసలు ఎందుకు వెళ్ళారో అందులో లేదు.”

“పిలుపొచ్చిందమ్మా. అలాంటివి చెప్పలేం. ఊపిరి తీసుకోండి.”

“మా నాన్న చనిపోయిన నెలకే వెళ్ళారు.”

“మీ... నాన్నగారా?”

“ఉమామహేశ్వరరావు. తెనాలి. లెక్కల మాస్టారు. ఈ బల్ల మీదే పడుకున్నారు.”

“లేవండి. లేచి కూర్చోండమ్మా. మంచినీళ్ళు తెస్తాను.”

“నాకొద్దు. మీరే తాగండి.”

“ఆ రోజు మిమ్మల్ని చూడలేదే!”

“మా ఆయన తీసుకొచ్చి బయట కూర్చున్నారు. పొద్దున మీరు మెడ తిప్పారు. సాయంత్రం నాన్న టీ తాగుతూ తాగుతూ పక్కకి ఒరిగిపోయారు. స్ట్రోక్ అన్నారు. ఆరో రోజుకి...”

“తెలుసు. తిట్టడానికొచ్చారా? తిట్టండి. తొమ్మిదేళ్ళుగా ఎదురుచూస్తున్నాను.”

“తిట్టడానికి కాదు. ఎంక్వయిరీలో మీ తప్పు లేదన్నారుగా?”

“అన్నారు. ఆ కాగితం బీరువాలో ఉంది. కళ్ళు మూసుకుని ధ్యానంలో కూర్చుంటే కాగితం గుర్తు రాదమ్మా. ఆ టక్కుమన్న చప్పుడే. రోజూ.”

“నాకు ఫోన్ మీద నా బొటనవేలు కనపడుతుంది. రోజూ.”

“ఏంటి?”

“నాన్న తరఫున మీ ఫారం ఫోన్‌లో నింపింది నేను. ఆఫీసుకెళ్తూ, ట్రెయిన్‌లో. కళ్ళు తిరుగుతాయా? నో. ఇంతకుముందు స్ట్రోక్ వచ్చిందా? నో. రక్తం పలచబడే మందులు? నో. అన్నిటికీ నో.”

“అమ్మా...”

“తెనాలిలో అంతకు రెండేళ్ళ ముందే నాన్నకి ఒకసారి స్ట్రోక్ వచ్చింది. విజిటర్ వీసా మీద రప్పించినప్పుడు ఇన్సూరెన్స్‌లో ఏ జబ్బూ లేదని రాశాం. ఇక్కడందరూ అలాగే రాస్తారులే అన్నారు. అక్కడ నో అని, మీ దగ్గర ఎస్ అని రాస్తే ఎక్కడ దొరికిపోతామో అని...”

“సింధుజ గారూ, ఒక్క నిమిషం.”

“చెప్పనివ్వండి. ఈ ఫారం సంగతి మా అమ్మకి తెలీదు, మా ఆయనకి తెలీదు. నా నో చూసి మీరు తిప్పారు. నాన్నని పొట్టన పెట్టుకుంది నేను, మీరు కాదు. ఆ మాట చెప్పిపోదామనే వచ్చాను. ఇక మీరైనా హాయిగా ఉండండి.”

“ఊఁ అనేస్తే ఎంత తేలిగ్గా పోతుందో.”

“ఏంటండీ?”

“ఏం లేదు. బ్యాగు కింద పెట్టండి. వెళ్ళకండి.”

“ఇంకేముంది చెప్పడానికి?”

“నాకుంది. మీ నాన్నగారు ఇలా పడుకోబోతూ నా చెయ్యి పట్టుకున్నారు. ‘బాబూ, మా అమ్మాయి భయపడి రాసుండదు. నాకోసారి పక్షవాతం వచ్చింది. మెడ తిప్పితే ఫర్వాలేదా?’ అనడిగారు.”

“...మీరేమన్నారు?”

“బయట నలుగురు వెయిట్ చేస్తున్నారమ్మా. ‘ఏం కాదు, పడుకోండి మాస్టారూ’ అన్నాను.”