లెక్కల మాస్టారు పొద్దుని ఆపిన రోజు

స్కూలు గేటు ఎదుటి టీ కొట్టులో ఓ పెద్దావిడ లెక్కల మాస్టారిని పట్టుకుంది. ఎనిమిదో తరగతి చదివే ఆవిడ మనవరాలు, మాస్టారు లెక్క చెప్పడం పూర్తికాకముందే జవాబు రాసేసి, మిగతా పీరియడంతా గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటోందట. విసుగెత్తి, వారం నుంచీ బడికి వెళ్లనని మొండికేసింది. లెక్కల పీరియడ్ ఒక్కటీ పదో తరగతిలో కూర్చోబెడితే మళ్లీ వస్తుందని ఆవిడ ఆశ.

"అబ్బే, రూల్సు ఒప్పుకోవమ్మా" అన్నారు మాస్టారు. "అయినా తెలివైన పిల్లల్ని కనిపెట్టడం నాకు ఒకరు నేర్పాలా? ఆవలిస్తే పేగులు లెక్కపెట్టేవాణ్ణి. కూర్చోండి, చెప్తాను."

డ్రిల్లు మాస్టారు టీ గ్లాసుతో పక్కకి జరిగి ఆవిడకి చోటిచ్చారు.

"చాలా ఏళ్ల కిందటి మాట. ఆరో తరగతి చివరి బెంచీలో ఓ పిల్ల, ఎప్పుడూ కిటికీలోంచి బయటికి చూస్తుండేది. మిగతా మాస్టార్లు దిక్కులు చూస్తోందని తిట్టేవాళ్లు. నేనూరుకుంటానా? పదిహేడో ఎక్కం అడిగాను. చూపు తిప్పకుండా పై నుంచి కిందికీ, కింది నుంచి పైకీ అప్పజెప్పేసింది. ఓహో, ఇది మామూలు సరుకు కాదనుకుని, తీసుకెళ్లి ఎనిమిదో తరగతిలో కూర్చోబెట్టాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది నాయనా?" అంది పెద్దావిడ.

"మధ్యాహ్నానికల్లా ఎనిమిదో తరగతి మాస్టారు చేతులెత్తేశాడు. మా దగ్గర చెప్పడానికేం మిగల్లేదు, పై అంతస్తుకి తీసుకుపొమ్మన్నాడు. పదిలో కూర్చోబెట్టాను. సాయంత్రానికి పదో తరగతి పిల్లలు లైను కట్టి దాన్నే డౌట్లడుగుతున్నారు. మర్నాటికి పుస్తకాలన్నీ అయిపోయాయి. ఇక నేనే సొంతంగా లెక్కలు కట్టి ఇవ్వడం మొదలెట్టాను. బోర్డు చాల్లేదు. గోడల మీద రాశాను, వరండాలో రాశాను, ఆఖరికి లెక్క గేటు దాటి రోడ్డెక్కింది. లారీలు ఆగిపోయాయి. లెక్క చెరిగిపోతుందని డ్రైవర్లు కిందికి దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని గోడవారగా నడిచారు."

"ఈ రోడ్డేనా?" అన్నాడు టీ కొట్టాయన.

"ఈ రోడ్డే. అప్పటికి నువ్వింకా కొట్టు పెట్టలేదు, అడ్డురాకు. కబురు యూనివర్సిటీదాకా పాకింది. ఆరుగురు ప్రొఫెసర్లు కారేసుకుని వచ్చారు, పిల్లని పరీక్ష చేస్తామంటూ. పిల్లే వాళ్లకి పరీక్ష పెట్టింది. నలుగురు తప్పారు. తప్పినవాళ్లని ఆరో తరగతి బెంచీల్లో కూర్చోబెడితే మోకాళ్లు ఇరుక్కుపోయి, వడ్రంగిని పిలిచి రంపంతో కోయించాల్సొచ్చింది."

"మోకాళ్లా?" అన్నారు డ్రిల్లు మాస్టారు.

"బెంచీలయ్యా."

పెద్దావిడ నవ్వలేదు. "ఇంత జరుగుతుంటే హెడ్మాస్టరు గారు అడ్డు చెప్పలేదా నాయనా?" అని అడిగింది.

"నా మాటకా? నేను స్కూలు ఎత్తి పక్క వీధిలో పెడతానంటే ఆయన రెండో వైపు పట్టుకునే మనిషి."

"మరి సంతకాలూ అవీ?"

"నా చూపే సంతకం. రూల్సు నన్ను చూస్తే లేచి నిలబడేవి. అసలు సంగతి వినండి. ఓరోజు పిల్ల పెద్ద లెక్కలో మునిగిపోయి ఉంది. ఇంకా సగమే అయింది, అవతల పొద్దు వాలిపోతోంది, గదిలో లైటు లేదు. నాకు ఒళ్లు మండింది. కిటికీలోంచి తల బయటపెట్టి, 'ఏయ్, బెల్లు కొట్టకముందే ఎక్కడికి బయల్దేరావ్?' అని ఒక్క గదుము గదిమాను. సూర్యుడు ఎక్కడివాడక్కడే ఆగిపోయాడు. పిల్ల లెక్క పూర్తిచేసి, జవాబు కింద గీత గీసి, గీత వంకర పోయిందని చెరిపి మళ్లీ గీసేదాకా కదల్లేదు. అప్పుడు బెల్లు కొట్టించి, ఇక వెళ్లమన్నాను."

పెద్దావిడ ఖాళీ గ్లాసు కింద పెట్టింది.

"మంచిది నాయనా. ఆ పిల్ల ఆరు, మా పిల్ల ఎనిమిది. పదికి మాకు రెండు మెట్లే. సంతకం మీ చూపులోనే ఉందాయె. మా కోసం సూర్యుణ్ణి ఆపక్కర్లేదు, పదో తరగతిలో ఓ బెంచీ కాస్త జరిపించండి చాలు."

డ్రిల్లు మాస్టారికి టీ పొలమారింది.

"అంటే... టైంటేబులు చూడాలి... హెడ్మాస్టరు గారిని ఓ మాట..." లెక్కల మాస్టారు నీళ్లు నమిలారు.

"ఆయన రెండో వైపు పట్టుకుంటారుగా" అన్నాడు టీ కొట్టాయన.

మాస్టారు అందరి మొహాలూ చూశారు. ఇప్పుడు వెనక్కి తగ్గితే రేపటి నుంచి ఈ కొట్టులో ఆయన మాట వినేవాడుండడు.

"పంపండమ్మా" అన్నారు చివరికి. "రేపు రెండో పీరియడ్‌కి. బెంచీ నేనే జరుపుతాను."

వారం నుంచీ గుండెల మీదున్న బరువు దిగినట్టయి పెద్దావిడ కళ్లు తుడుచుకుంది. మాస్టారు ఇంకో టీ చెప్పి, రెండు గుక్కలు తాగేసరికి గొంతు మళ్లీ లేచింది.

"అసలు మీ మనవరాలి తెలివి మొట్టమొదట కనిపెట్టింది ఎవరనుకున్నారు?"

"మీరే నాయనా" అంది ఆవిడ, లేచి నిలబడుతూ. "బెంచీ జరిపాక దానికీ ఆ ముక్కే చెప్పండి."