కత్తిరించిన మొఖం

సిరిసిల్లలో మగ్గం ఉన్న ఒక ఇల్లు, మిట్టమధ్యాహ్నం. ఆ ఇంటి రాజమణి, భీవండిలో పెరిగి చుట్టంచూపుగా వచ్చిన ఆమె మేనకోడలు నీల.

"గా కెమెరా ఇటియ్యి, నీలా."

"ఎందుకత్తమ్మా?"

"ఇయ్యి అంటున్న."

"నిన్ననేమో నాయనమ్మను తియ్యి, మగ్గాన్ని తియ్యి అని నువ్వే తీపిచ్చినవు. ఇయ్యాల ఏమైంది?"

"పొద్దుగాల అచ్చినాయనను తీసినవా లేదా? గంత చెప్పు."

"ఎవలు, మేకల బేరగాడా?"

"ఆఁ, గాయిననే."

"తీసిన. తియ్యనా మరి? మేకలు కొననీకె అచ్చినోడు పోయి మగ్గం గుంటల కూసున్నడు. తెగిన పోగును చూడకుంటనే రెండు వేళ్లతోని అతికిండు. మేకలోళ్లకు గా పని ఎట్లస్తదత్తమ్మా?"

"నాకేం తెలుసు? నీళ్లు తాగిండు, పోయిండు."

"నీళ్లా? అన్నం పెట్టినవు. పెరుగేసినవు. నాకు మాత్రం ఎయ్యలే."

"ఉన్నదే గంత. మొఖం పడ్డదా?"

"పడ్డది. చెయ్యి ఫోటో తీస్తుంటే తలెత్తిండు. తిడతడేమో అనుకున్న. నవ్విండు."

"నవ్విండా?"

"నవ్వి, నీ పేరేందన్నడు. చెప్పిన. మళ్లొక్కసారి చెప్పు అన్నడు."

"గా రీలు తీసి ఎండల పారెయ్యి."

"ఏంది! నాయనమ్మ కండెలు చుట్టేది గండ్లనే ఉన్నది. బీడీలు చేసే అక్కలున్నరు. నేనచ్చిందే గిందుకు గదా! భీవండిల నన్ను తెలంగీ పోరి అంటరు. ఈడికొస్తే బొంబాయి పోరి అంటరు. మా అమ్మ పోలిక లేదు, బాపు పోలిక లేదు. నేనెవలదాన్నో ఫోటోలు తీసన్న చూసుకుందామని అచ్చిన. మీ ఇంట్ల ఫోటోలు చూద్దామంటే అన్నిట్ల ఒక మొఖం కత్తిరిచ్చి ఉన్నది. నీ పెండ్లి ఫోటోల నీ పక్కన నిలవడ్డాయనకు తలకాయే లేదు."

"మా చిన్నన్న, జలపతి. నేనే కత్తిరిచ్చిన."

"నువ్వా?"

"అడవిల అన్నలల్ల కలిసిండు. జగిత్యాల దిక్కు కూలోళ్లు దొరల మీద లేసిన ఏడు పోయిండు. పోలీసోళ్లు ఇంటింటికి తిరిగి ఫోటోలు పట్టుకపోవట్టిరి. వాళ్లకంటే ముందుగాల మా అన్న మొఖాలన్ని కోసి పొయ్యిల ఏసిన. ఈ వాడల గిట్ల కోసినోళ్లు నేనొక్కదాన్నే గాదు."

"గప్పటికి నేను పుట్టిన్నా?"

"పుట్టినవు. రీలు తియ్యి."

"అయితే పొద్దుగాల అచ్చింది... చిన్నబాపా?"

"మెల్లగ! గోడలకు చెవులున్నయి."

"ఈడ రీలు కడిగియ్యనత్తమ్మా. భీవండి తీస్కపోత. నా పెట్టెల దాసుకుంట, ఎవలకు చూపియ్య. ఒట్టు!"

"రేపు నువ్వు భీవండి బస్సెక్కాలంటే కోరుట్ల దనుక పోవాలె. కథలాపూర్ కాడ పోలీసోళ్లు బస్సు ఆపి సంచులన్ని ఇప్పుతున్నరు. మా అన్నతోని తిరిగినోడొకడు లొంగిపోయిండు. వాడే బస్సుల కెక్కి ఒక్కొక్కరి మొఖం చూస్తున్నడు. ఫోటో దొరికితే మా అన్న బతుకడు."

"ఎవలకు దొరకకుంట దాస్త గదా!"

"నీలా, నీ కాళ్లు మొక్కుత."

"అట్లనకు. తీస్త. ఇగో, మూత తీసిన. నువ్వే గుంజు, నాకు చేతులస్తలేవు."

"గింతేనా?"

"గింతే. నాయనమ్మ పోయింది. అక్కలు పోయిండ్రు. ఇగ ఏ మొఖం రాదు. ఏడుస్తున్నవా? పారెయ్యమన్నది నువ్వే గదా!"

"ఒక్కటన్న ఉంటే చూసుకుందును గదా బిడ్డా. ఎట్ల నవ్విండు?"

"ఒక పక్కకు. ఎడమ చెంపకు సొట్ట పడ్డది."

"రేపు బస్సుల చున్నీ కండ్ల దాక కప్పుకో. సంచి చూస్తరు, చూడనియ్యి. ఎవడన్న పలకరిస్తే నవ్వకు."

"ఇగ భయమెందుకు? రీలు లేదు గదా."

"నిన్ను పసిగుడ్డప్పుడే మా పెద్దన్న చేతులల్ల పెట్టి భీవండి తోలింది ఊకెనే గాదు."

"మా బాపు చేతులల్ల పెట్టుడేంది?"

"పోలీసోళ్ల తాన నీ కన్నతండ్రి ఫోటో ఒక్కటి లేదు బిడ్డా. నీ మొఖమున్నది."