మూడు చీటీల గోడ

సాఫ్ట్‌వేర్ కంపెనీ మీటింగ్ గదిలో టీమ్ లీడరూ, టెస్టింగ్ చూసే ఆవిడా గోడ ముందు నిలబడ్డారు. గోడంతా చేయాల్సిన పనులు రాసిన రంగు చీటీలే.

“స్క్రమ్ పద్ధతి మనకి అచ్చిరాలేదండీ. రెండు వారాల పని ముందే ఒప్పుకుంటాం, మూడో రోజుకే అంతా తలకిందులు.”

“అందుకేగా సార్, కాన్‌బాన్‌కి మారాం? ఒకేసారి మూడు పనులే, ఒకటి పూర్తయ్యాకే ఇంకోటి గోడెక్కాలన్నారు.”

“అన్నాను. మరి ఇన్ని చీటీలేంటి?”

“చేతిరాత చూడండి.”

“...నాదే. ఛీ, అన్నీ నావే! కస్టమర్ అడిగితే కాదనడానికి నాకు నోరు రాదండీ. పోనీ, మళ్లీ స్క్రమ్‌కే పోదామా?”

“ఇంకోసారి పద్ధతి మారిస్తే టీమ్‌లో సగం మంది మానేస్తారు సార్.”

“అయితే నాలాంటి వాడికి పనికొచ్చే పద్ధతే లేదంటారా?”

“ఉంది. మీ ఫోన్ ఇలా ఇవ్వండి. ఇకనుంచి కస్టమర్‌తో నేను మాట్లాడతా.”

“బంగారంలాంటి మాట! ఇదిగో... ఉండండి, మోగుతోంది. హలో! చెప్పండి సార్. సాయంత్రానికా? అబ్బే, అదెంత పని!”

ఆవిడ కొత్త చీటీ తీసింది.

“దీన్నెక్కడ అంటించమంటారు సార్?”

“నా నోటికి అంటించండి.”