దొరసాని ఎవరి చేతి ముద్ద తింటుంది

అక్క బట్టలు కుట్టే గది, మధ్యాహ్నం మూడు గంటలు. చెల్లెలు కొత్త ఉద్యోగం చోటు నుంచి వచ్చి రెండు రోజులైంది. ఆ రెండు రోజులుగా ఆమె కడుపు మండుతూనే ఉంది. అంత మంటకీ కారణం ఏడు నెలల పిల్లి.

"మళ్ళీ తలుపేసుకున్నావేంటి అక్కా?"

"గాలికి పడింది."

"గాలి లోపలి నుంచి గడియ కూడా పెట్టిందా?"

"కాస్త ఆ కత్తెర ఇటివ్వవే."

"కత్తెర తర్వాత. తిందా?"

"ఎవరు?"

"ఎవరేంటి. దొరసాని."

"ఆఁ, తింది."

"ప్యాకెట్ గింజలేనా? చేప ముక్క కలపకుండా?"

"కలపకుండానే. గిన్నె చూడు, అద్దంలా ఉంది."

"పొద్దున నేను పెట్టిన గిన్నెని ఏం చేసిందో తెలుసా నీ దొరసాని? వాసన చూసింది. మూతి తిప్పింది. గిన్నె చుట్టూ నేలంతా గోళ్ళతో గీకింది, నేనేదో చెత్త తెచ్చి పెడితే పూడ్చిపెడుతున్నట్టు."

"చిన్నపిల్ల. దానికేం తెలుసు."

"నువ్వు పెడితే అన్నీ తెలుస్తాయి. నేను పెడితేనే చిన్నపిల్ల."

"అయినా నా దొరసాని ఏంటే, నీదేగా. వానలో నువ్వు పనిచేసే బేకరీ వెనక అట్టపెట్టెలో దొరికిందని నువ్వేగా తెచ్చావు."

"నేనే తెచ్చా. మెట్ల మీద పక్కింటావిడ ఏమందో తెలుసా ఇందాక? 'మీ అక్క పిల్లి భలే ముద్దుగా ఉందమ్మా' అంది. మీ అక్క పిల్లంట."

"ఆవిడ మాటలకేం."

"నిన్న రాత్రి గింజలు కాస్త వెచ్చచేశా. అరచేతిలో పోసుకుని అరగంట సేపు నేల మీద కూర్చున్నా. నాకు వీపు చూపించి కూర్చుంది. అరగంట, అక్కా. తోక కూడా నా వైపు పెట్టలేదు."

"నువ్వు వెళ్ళేటప్పుడు ఎలా ఉందో మర్చిపోయావా? ఉడికించిన చేప తప్ప మరోటి ముట్టేది కాదు. అదీ ముల్లు తీసి, ఆరబెట్టి, నీ వేలి మీద పెడితేనే. ఒట్టి చేపతో కడుపు పాడై, బొచ్చు ఊడుతుంటే డాక్టరు ఏమన్నాడు?"

"పది రోజుల్లో తిండి మార్చమన్నాడు. మొదట మూడు వంతులు చేప, ఒక వంతు గింజలు. తర్వాత సగం సగం. నాకు చెప్తావేంటి, ఆ కాగితం రాసింది నేనే."

"రాసి నా చేతిలో పెట్టి వెళ్ళిపోయావు. కాగితం రాయడం ఎంతసేపు. మొదటిరోజు చేపంతా తినేసి గింజలు ఒక్కొక్కటీ నాకి పక్కన పెట్టింది, ఉతికి ఆరేసినట్టు. రెండోరోజు చేప ఉడికించిన నీళ్ళలో నానబెట్టి పెట్టా. నీళ్ళు తాగేసి గింజలు వదిలేసింది. మూడోరోజు అసలు గిన్నె దగ్గరికే రాలేదు. డాక్టరుకి ఫోన్ చేస్తే, పిల్లిని పస్తు పడుకోబెట్టకూడదు, ఏది తింటే అది పెట్టెయ్యండమ్మా అన్నాడు. చేప పెట్టా. నా చేత్తో అదీ ముట్టలేదు."

"తర్వాత?"

"తర్వాత తింది."

"ఎలా?"

"ఎలా ఏంటి, నోటితో."

"వేళాకోళం వద్దు అక్కా. నువ్వు ఫోన్‌లో 'తినేస్తోందే, గిన్నె ఖాళీ చేసేస్తోందే' అని చెప్పినప్పుడల్లా నేను పైకి 'హమ్మయ్య' అన్నా. ఫోన్ పెట్టేశాక నాకు ముద్ద దిగేది కాదు."

"అది తింటే నీకు ముద్ద దిగకపోవడమేంటే?"

"ఎప్పుడూ ఇంతేగా. నా స్నేహితురాళ్ళు నా కోసమే వచ్చేవాళ్ళు, వెళ్ళేటప్పుడు నీ మెషిను పక్కన చేరి గంట కబుర్లాడి పోయేవాళ్ళు. నాన్న నాకు బూట్లు కొన్నా ముందు నీకే చూపించేవాడు, బాగున్నాయా అని. ఈ ఒక్క పిల్లి. ఒక్కటంటే ఒక్కటి, నేను పని నుంచి వచ్చే వేళకి గుమ్మం దగ్గర కాచుకుని ఉండేది. అది కూడా నీ పక్షాన చేరింది. కుళ్ళి చస్తున్నా, దాపరికం దేనికి."

"ఇంత వయసొచ్చి పిల్లి మీద కుళ్ళేంటే."

"పిల్లి మీద కాదు. నీ మీద."

"పక్కకి జరుగు, మెషిను తొక్కుకోవాలి."

"శనివారం బండి వస్తుంది. నా సామానంతా ఎక్కుతుంది. పిల్లి బుట్ట ఎక్కాలా వద్దా, అది చెప్పు."

"అనుకున్నాంగా. తిండీ ఇల్లూ ఒక్కసారే మారిస్తే తట్టుకోలేదని డాక్టరన్నాడు. కొత్త తిండి ఎవరి చేత్తో తింటే వాళ్ళ దగ్గరే ఉండాలని నువ్వే అన్నావు."

"నా చేత్తోనే తింటుందన్న ధీమాతో అన్నా."

"మరి."

"మరి అంటే? ఉంచేసుకుంటావా?"

"నువ్వు అన్న మాటే కదా."

"సరే. అన్నా కాబట్టి కట్టుబడతా. కానీ ఒక్కసారి నా కళ్ళ ముందు పెట్టు. తింటే నోరెత్తను."

"ఇప్పుడేగా తింది."

"సాయంత్రం పెట్టు. అందాకా ఈ కుర్చీలోంచి లేవను."

"నువ్వుంటే తినదు."

"ఏమన్నావు?"

"నువ్వు గదిలో ఉంటే తినదే. అందుకే ఆ గడియ."

"నన్ను చూస్తే దానికి తిండి సహించట్లేదా?"

"అలా అనలేదు."

"అదే అన్నావు. ఏం నూరిపోశావు దానికి నా గురించి?"

"పిల్లికి నూరిపోస్తారటే ఎవరైనా?"

"మరి తలుపు వెనక ఏం చేస్తున్నావు? చేప దాచి పెడుతున్నావు కదూ? గింజలు నువ్వే పారబోసి గిన్నె కడిగేస్తున్నావు కదూ? ఆ బల్ల సొరుగులో ఏముంది?"

"దారాలు."

"తియ్యి."

"నీకెందుకే దారాలు?"

"నువ్వు తీస్తావా, నన్ను తియ్యమంటావా?"

"ఆగు. ఆగవే, లాగకు, చిరుగుతుంది."

"దారాలు చిరుగుతాయా ఎక్కడైనా? ఏంటిది... ఇది నాదే. బేకరీలో తొడుక్కున్న నా పాత ఏప్రన్."

"ఊఁ."

"పాతబడింది, పారేయమని ఇచ్చి వెళ్ళా కదా. ఛీ, ఉతకను కూడా లేదు. వెన్న మరకలు ఎక్కడివక్కడే ఉన్నాయి."

"ఉతికితే తినదు."

"ఏంటి?"

"ఇది తొడుక్కుని కింద కూర్చుంటే గింజలు తింటుంది. విప్పేస్తే గిన్నె వదిలేసి పోతుంది. నువ్వు బేకరీ నుంచి రాగానే ఇది విప్పకుండానే కదా దానికి చేప పెట్టేదానివి. ఆ వెన్న వాసన వస్తేనే దానికి ఆకలి."

"మరి నేనే వచ్చానుగా. నేనే వచ్చి ఎదురుగా కూర్చుంటే..."

"నువ్వు వచ్చావు, కొత్త కోటు వేసుకుని, కొత్త సబ్బు రుద్దుకుని. పొయ్యి దగ్గరికే వెళ్ళని మేనేజరమ్మవి ఇప్పుడు. నువ్వెవరో దానికి తెలియట్లేదు."

"నేను గదిలో ఉంటే తినదన్నావు."

"అబద్ధం చెప్పా. నువ్వు గదిలో ఉంటే నేను ఇది తొడుక్కోలేను."

"వచ్చిన రోజే చెప్పొచ్చుగా."

"చెప్తే నువ్వే తొడుక్కుంటావు. అది తింటుంది. శనివారం బుట్టలో పెట్టుకుని పోతావు."

"అంటే ఇన్ని రోజులూ అది తిన్నది..."

"నీ చేతి ముద్దే. నేను ఊరికే మధ్యలో ఉన్నా. నువ్వొక్కదానివే కుళ్ళుకున్నావనుకోకు. రోజంతా మెషిను తొక్కి, విరిగే నడుంతో కింద కూర్చుని పెట్టేది నేను. అది ఒక్కసారి నా మొహం వంక చూస్తే ఒట్టు. ఆ ఏప్రన్ జేబులో తలదూర్చి నిన్ను వెతుక్కునేది."

"నాకు ఏడవాలో నవ్వాలో తెలియట్లేదు. దారప్పోగు మీద మరక పడితే సహించని దానివి, ఈ జిడ్డు ఏప్రన్ తొడుక్కుని..."

"నవ్వితే నవ్వు. పిల్లిని తీసుకెళ్ళు. దాంతో పాటు ఇదీ పట్టుకెళ్ళు. అక్కడ కూడా మొదటి వారం ఇది తొడుక్కునే పెట్టు."

"అది సరే. ఇంత ఉపాయం నీకెలా తట్టిందక్కా? పిల్లి కోసం ఇది తొడుక్కోమని డాక్టరు చెప్పాడా?"

"లేదు."

"మరి?"

"పిల్లి ఈ గదిలోకి దూరింది నాలుగోరోజున. నేను తలుపేసుకుని ఇది తొడుక్కోవడం నువ్వు బస్సెక్కిన సాయంత్రం నుంచే."