గడప మీది జరీ

గద్వాలలో మగ్గం ముందు కూర్చున్న నేతగాడు, తన కూతురిని అడగడానికి వచ్చిన యువకుణ్ణి ఎగాదిగా చూశాడు.

"మీ నాయన దొంగ. దొంగింట్ల పెరిగినోనికి పిల్లనెట్లియ్యాలెరా?"

"ఆయన దొంగే మామా. మా అమ్మ ఆ సొమ్ము ఇంట్ల పెట్టనియ్యకపోయేది. నాతోనే వాపస్ పంపేది."

"నమ్మమంటవా?"

"పన్నెండేండ్ల కింద మీ జరీ కండెలు పోలే? మూడోదినం పొద్దుగాల మీ గడప మీద పెట్టింది నేనే."

"ఓరి నీ! జమ్ములమ్మ తల్లే తెచ్చిచ్చిందని మొక్కుకు యాటను కోస్తి గదరా!"

"తెల్సు మామా. నేను గూడ తిన్న."

"నీకెవరు పెట్టిన్రు?"

"మీ అమృత. నేను కండెలు పెడుతుంటె సూసింది. ఎవ్వరికీ చెప్పలే."

నేతగాడు ఇంట్లోకి కేకేశాడు.

"అమృతా! నాకొక్కమాటన్న చెప్పొద్దా, బిడ్డా?"

లోపలినుంచి ఆపుకోలేని నవ్వు వినిపించింది.

"ఇగ నిలవడ్డవేందిరా? పోయి మీ అమ్మను తోల్కరా. పిల్లను ఆమె చేతిల పెడుత."