లాభం లోపలే ఉండాది

ఆగాగు హరినాథా, చెనిక్కాయలు కొలిచేటప్పుడు మొదటి పడిని ఒకటంటారా ఎవురైనా? లాభం అనల్ల. లాభం, రెండు, మూడు... అట్ల. తిరుపతిలో ఉద్యోగం వస్తే ఇవన్నీ మరిచిపోతారా అప్పా? నవ్వు, నవ్వు. ఈ మాటకే నేను ఏబెల్‌ను బెత్తం ఇరిగేదాకా కొట్టినాను. నీకు తెలీదులే. చెంగమ్మ కొడుకు. ఆయమ్మ సత్యవేడు చుట్టుపక్కల కళ్ళాల్లో కాయలు కొలిచే కూలికి పోతా ఉండె. వాడు ఆ కొంగు పట్టుకోనే లెక్క నేర్చినాడు. బడిలో ఒకట్లు చెప్పరా అంటే లేచి 'లాభం, రెండు' అనేవాడు. 'ఇది బడిరా, కళ్ళం కాదు' అని ఒకటిచ్చేవాణ్ణి. మర్నాడు మళ్ళా లాభమే. 'నీకు ఈ జన్మకు లెక్కలు రావు, పోయి మిలిటరీలో చేరు' అంటిని. ఇన్నేండ్లలో నా మాట విన్నది వాడొక్కడే. నిజంగానే చేరినాడు.

తుపాకీ అనుకునేవు, కాదు. ఆపరేషన్లు చేసే జట్టులో వేసి, తొంభైనాలుగులో సోమాలియాకు పంపినారు. ఆడ గుడారమే ఆసుపత్రి. 'ఎంతమందిని చంపినావురా' అని ఊరంతా అడిగితే 'చంపలేదు, కుట్టినాము' అనేవాడు. మన సర్పంచి దామోదరం ఉండాడే, 'దానికంత దూరం పోవల్నా, నగరిలో టైలరంగడి పెట్టుకుంటే సరిపోలా' అన్నాడు. సరే, ఒకనాడు మన జవాన్ల లారీ మీద కాల్పులు జరిగి ఐదుమందిని మోసుకొచ్చినారంట. గుడ్డలు లెక్కబెట్టేవానికి జొరం, ఏబెల్‌ను నిలబెట్టినారు. రగతం పీల్చేదానికి కడుపులో గాజుగుడ్డలు పెడతారు గదా, కోసే ముందు ఎన్నో, కుట్టే ముందు బయట అన్నీ ఉండల్ల. ఒకటి లోపలుండిపోతే చీము పట్టి మనిషి పోతాడు. బయానికి వీనికి అమ్మ లెక్కే నోట్లోకొచ్చె. లాభం, రెండు అని ఇరవై దాకా పాడినాడు. పక్కన ఉత్తరాది హవల్దారు, తెలుగు రాదు, మాటకొక గీత పలక మీద గీస్తాండాడు. వాళ్ళ పక్క అంగడి గోడల మీద శుభ్ లాభ్ అని రాసుకుంటారు గదా? వీడు లాభం అంటానే దేవునికి దండం పెట్టుకుంటాండాడులే అనుకోని, ఆ మాటకు గీత గీయలా.

కుట్టే ముందు హవల్దారే గుడ్డలు ఎంచినాడు. పంతొమ్మిది. పలక మీదా పంతొమ్మిదే. లెక్క దివ్యంగా కుదిరింది! ఆపరేషన్ చేసే డాక్టరు మేజరు సూది ఎత్తినాడు. వీడు అడ్డం పడి, 'సార్, లాభం లోపలే ఉండాది' అన్నాడు. 'కడుపు కోసి పెట్టుకోనుంటే లాభమేందిరా నీకు!' అని ఆయప్ప కేకలు. బయట ఇంగా నలుగురు మూలుగుతాండారు. వీని మాట తప్పయితే వాళ్ళలో ఒకడు పోతాడు, వీని ఉద్యోగమూ పోతాది. 'సార్, మా అమ్మ ముప్పై ఏండ్లుగా కొలుస్తాంది, ఒక్క పడి తప్పలా' అన్నాడంట. మేజరుకు ఏం తోచిందో, చెయ్యి పెట్టి వెతికినాడు. పేగుల ఎనకాల నుంచి వచ్చింది, ఎర్రగా, ముద్దగా. ఆ జవాను బతికినాడు.

సెలవుకు వచ్చి ఇదంతా నాకే ముందు చెప్పినాడు. మర్నాడు బడిలో సన్మానం. నేనేం చేసినాననుకున్నావు? 'రేయ్, సభలో ఆ లాభం మాట ఎత్తొద్దు, మొరటుగా ఉంటాది' అంటిని. వాడు నా మాట వింటాడని చెప్తిని గదా. మైకు పట్టుకోని, 'నాకు లెక్క నేర్పింది మా అయ్యోరు' అన్నాడు. దామోదరం వానికని తెచ్చిన శాలువా తీసి నాకు కప్పె. కప్పించుకుంటిని. చెంగమ్మా? యాడుంటాది, ముందర నేల మీదే కూసోనుండె. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టె. మరుసటేడు కామెర్లొచ్చి వాడు పోయినాడు. ఆ జవానును బతికించింది నీ లెక్కేనని ఆయమ్మకన్నా చెప్పల్ల, చెప్పల్ల అనుకుంటానే...

ఊఁ? ఏంది? యాడిదాకా కొలిచినావో మరిచిపోతివా? పోసెయ్యి. మళ్ళా మొదట్నుంచి కొలువు.