గోరీ మామ ఫ్రిజ్

శనివారం సాయంత్రమైతే ఆక్రన్ ఊరి పిల్లల్ని టెలివిజన్‌లో హడలగొట్టే గోరీ మామ, అంటే వెండెల్ క్రాస్, ఇవాళ మేకప్ గదిలో తనే హడలిపోయి కూర్చున్నాడు. పక్కన మేకప్ వేసే ఇర్మా. స్టూడియో నుంచి ఊళ్ళో టీవీలన్నిటికీ దెయ్యాల సినిమా నడుస్తోంది; మధ్యమధ్య ఫ్రిజ్‌లోంచి ఊడిపడి వెక్కిరించడం అతని పని.

“మళ్ళీ చెప్పు ఇర్మా. ఫోన్‌లో ఆవిడ సరిగ్గా ఏమంది?”

“ఎన్నిసార్లు చెప్పను వెండెల్? కొడుకు కనబడ్డం లేదంది. రోనీ అట, ఆరేళ్ళవాడు. నీ వేషం కట్టి వీధిలోకి పోయాడట.”

“నా వేషమా?”

“మొహాన పిండి, వాళ్ళ నాన్న నల్ల కోటు. ‘గోరీ మామలా ఫ్రిజ్‌లోంచి వస్తా చూడు’ అని చెల్లెలికి చెప్పి మరీ పోయాడట.”

“అయ్యో దేవుడా!”

“కదలకు, బుగ్గ మీద రంగు చెదిరిపోతోంది.”

“బుగ్గ తగలెయ్యి! మన ఫ్రిజ్‌కి వెనక రేకు కోసేశాం. నేను అటు దూరి ఇటు వస్తా. అది పిల్లలకేం తెలుసు? పెరట్లో పారేసిన పాత ఫ్రిజ్ తలుపుకి బయట గొళ్ళెం పడిందంటే లోపల్నుంచి తెరుచుకోదు.”

“తెలుసు.”

“గాలాడదు.”

“తెలుసన్నానుగా!”

“వారం వారం దూరి చూపించింది నేనే కదా... నాకు భయంగా ఉంది ఇర్మా. వెతికారా? బాగా వెతికారా?”

“పోలీసులూ తిరుగుతున్నారట. వాళ్ళ పేటలో ఏ పెరట్లో చూసినా ఓ పాత ఫ్రిజ్ పడుంటుంది. ఎన్నని తెరుస్తారు?”

“ఎవరిది వాళ్ళు తెరిస్తే సరి. ఊరంతా ఇప్పుడు మన సినిమానే చూస్తోంది. నేను చెప్తా.”

“సినిమా ఆపా? మేనేజరు నిన్ను—”

“మధ్యలో దూరి వెక్కిరించడమేగా నా ఉద్యోగం! ఇప్పుడూ దూరతా.”

“ఈ మొహంతోనా?”

“తుడుచుకుంటూ కూర్చోమంటావా? తప్పుకో.”

“వెండెల్, ఒక్క మాట విను, చూసేవాళ్ళు—”

“తప్పుకోమన్నానా!”

కాసేపటికి, అదే గదిలో.

“విన్నావా ఇర్మా? బతిమాలాను. మోకాళ్ళ మీద పడ్డాను.”

“విన్నాను.”

“విగ్గు పీకేశాను. ‘ఇది ఆట కాదు, నా పేరు వెండెల్ క్రాస్, లేవండి, పోయి మీ ఫ్రిజ్ తలుపు తెరవండి’ అని ఏడ్చాను. నిజంగానే ఏడుపొచ్చింది. అవి... అవి ఫోన్లేనా?”

“ఆఁ. అన్ని లైన్లూ మోగుతున్నాయి. కొన్ని నేనే ఎత్తాను.”

“చూశావా! కదిలారన్నమాట. దొరికాడా?”

“వాళ్ళు చేసింది అందుకు కాదు.”

“మరెందుకు ఇర్మా?”

“నవ్వుతున్నారు వెండెల్. ఎవరు ఫోన్ చేసినా పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. గోరీ మామ ఇంత బాగా ఎప్పుడూ భయపెట్టలేదట. ఒక్కరూ కుర్చీలోంచి లేవలేదు.”